ఉప్పునీళ్లలో చెయ్యి

కాకి దిగలేదు.

మానేరు ఒడ్డున విస్తరి పెట్టి ఎంతసేపయిందో, పొద్దు నడినెత్తికొచ్చింది. మనిషి పోయిన మూడో రోజు, మూడొద్దుల నాడు, అతనికి ఇష్టమైనవన్నీ వండి పెట్టాలి. పిట్ట వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టిన తర్వాతే ఇంటివాళ్లు తలమీద నీళ్లు పోసుకుని నోట్లో ముద్ద పెట్టుకోవాలి. దివాకర్‌కు ఏమి ఇష్టమో అక్కడున్నవాళ్లలో ఎవరికీ సరిగా తెలియదు. అందుకని అందరికీ ఇష్టమైనవి పెట్టారు. కోడికూర, గుడాలు, గారెలు. అన్న మహిపాల్ సీసా మూత తీసి విస్తరి చుట్టూ ఇసుకలో ధారగా పోశాడు. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని కిందికి చూస్తున్నాయి తప్ప కదలడం లేదు.

"ఏం మనసుల వెట్టుకున్నవు తమ్మీ," మహిపాల్ చేతులు జోడించాడు. "నీ రూముల సామాను ఆగం గానియ్యం. రా, తిను."

కాకి ముక్కును తీగకు రాసుకుంది.

"ఏడాదికోసారి నీ పేరు మీద అందర్ని పిలిచి అన్నం పెడ్తం," అంది మహిపాల్ భార్య శ్రీలత.

దానికీ రాలేదు.

"పెండ్లి గాలేదని మనసుల ఉన్నదేమో," అన్నారు వెనకనుంచి ఎవరో.

"గిప్పుడేడికెల్లి తెస్తం పిల్లను!" అన్నారు ఇంకెవరో. నవ్వు ఆపుకోలేక ఇద్దరు ముగ్గురు దగ్గారు.

సరోజన పాదాలు ఇసుకలో కాలుతున్నాయి. ముగ్గురిలో పెద్దది ఆమె. తమ్ముడు తాను నడిపే మరమగ్గాల సాంచెల మధ్య కూలిపోయాడని ఫోన్ వస్తే కోరుట్ల నుంచి ఉన్న చీరతో బస్సెక్కి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ తమ్ముడి గది ఊడవడమే ఆమె పని. ఆ గదిలో ఆమెను నిలబడి చూసినవాడు ఒక్కడూ లేడు. చూసిందల్లా అద్దాల తొట్టిలో రాతి మీద కూర్చున్న ఒక చిన్న చేప. అది చేపలా ఈదదు. ముందు రెక్కల మీద మోచేతులానించినట్టు ఆనుకుని కూర్చుంటుంది. ఆమె చీపురు ఎటు కదిలితే దాని కన్ను అటు తిరిగేది. అదొక్కటే గుర్తొచ్చింది ఆమెకు, అదే నోటికొచ్చింది.

"నీ చాపను నేను సాదుకుంట దివాకరూ. నా తోని కోరుట్లకు తీస్కపోత. ఇగ రా."

ఒక కాకి తీగ వదిలింది. ఇసుకలో రెండు గంతులేసి విస్తరి అంచు మీది కార్జపు ముక్క పట్టుకుని లేచిపోయింది.

"ముట్టింది! ముట్టింది!" అందరూ చీరలు, పంచెలు దులుపుకుని లేచారు.

శ్రీలత సరోజన పక్కన నడుస్తూ నెమ్మదిగా అంది. "గంతమంది ముంగట మాటిచ్చినవు వదినె. పిట్ట ఇన్నది. ఇగ నీకు తప్పదు."

---

దివాకర్ దోహలో ఏదో హోటల్లో అద్దాల తొట్లు కడిగాడు. తిరిగి వచ్చి సిరిసిల్లలో సాంచెలు నడిపాడు. సాంచెల షెడ్డు వెనక గదిలో, గోడ అదిరేంత చప్పుడులో, సముద్రం ముక్క ఒకటి పెట్టుకుని బతికాడు. రాళ్లు, రాళ్ల మీద నీళ్లకు ఊగే మెత్తని పువ్వులు, నత్తలు, ఈ ఒక్క చేప.

"మానేట్ల ఇడిస్తే అయిపాయె గదనే అక్కా," అన్నాడు మహిపాల్. గది యజమాని తాళం అడుగుతున్నాడు.

"ఉప్పునీళ్ల చాపరా. మంచినీళ్లల్ల సస్తది."

"పిట్ట ముట్టె. ఇగ అడిగేటోడెవడు?"

"అడిగేటోడు లేడనే గదరా, మాట తప్పుడు మనకు గింత సులువు."

మహిపాల్ మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం అతనికి బాగా వచ్చు. ఆ గదికి అతని ఇల్లు నాలుగు సందుల దూరం. ఈ చేప సంగతి అతనికి తమ్ముడు చచ్చిన తర్వాతే తెలిసింది.

ఉప్పు సంచి మీద జగిత్యాల దుకాణం నెంబరు ఉంది. ఆ నెంబరుకు ఫోన్ చేస్తే రమణ అనే అతను ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. జగిత్యాలలో రంగు చేపలమ్ముతాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"జగిత్యాలల నా కాడ సముద్రపుప్పు కొనేటోడు దివాకరన్న ఒక్కడే అక్కా. ఆయన కోసమే తెప్పిస్తుంటి. గీ చాపను బ్లెన్నీ అంటరు. నాకిస్తవా? ధర నువ్వే చెప్పు."

"అమ్ముడు లేదు."

"సాదుడు అల్కగ గాదు."

"పిల్లలను సాదిన."

"పిల్లలు ఏడుస్తరు అక్కా. ఇది ఏడ్వది. సచ్చినంకనే తెలుస్తది."

ఉప్పునీళ్లు డ్రమ్ముల్లో నింపారు. రాళ్లు బకెట్లలో పెట్టారు. చేపను మూత ఉన్న బకెట్లో వేసి సరోజన ఒళ్లో పెట్టుకుంది. వేములవాడ దాటాక గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా బకెట్టుకు ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. దారంతా రమణ చెబుతూనే ఉన్నాడు. నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు పొయ్యొద్దు, ఉత్త ఫిల్టర్ నీళ్లే పొయ్యాలి, నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. మోటరు ఆగొద్దు. ఎండ నేరుగా తగలొద్దు. ఆమె అన్నిటికీ తలూపింది. అతను అన్నీ చెప్పాడు. చేతుల సంగతి చెప్పలేదు. ఆమె ఏం పని చేస్తుందో అతను అడగలేదు కూడా.

---

కోరుట్లలో సరోజన ఇల్లంటే ఒక గది, ముందు రేకుల వసారా. మొగుడు పోయాడు. పిల్లలకు పెళ్లిళ్లయి ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్నారు. గదిలో ఫ్యాను కింద ఆమె కూర్చునే చోటు నేల నున్నగా అరిగి ఉంటుంది. తొట్టిని ఆ చోటు పక్కనే, గోడకానించి పెట్టించింది.

తెల్లారగానే చాట ఒళ్లో పెట్టుకుంటుంది. తడి గోనెలోంచి తునికాకు తీసి, రేకు కొలత పెట్టి కత్తిరిస్తుంది. ముక్కను అరచేతిలో పరిచి, చిటికెడు తంబాకు చల్లి, వేళ్ల మధ్య దొర్లించి, మూతి మడిచి, దారం చుడుతుంది. పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న పని. కళ్లతో చూడాల్సిన అవసరం లేదు. అందుకే కళ్లు ఖాళీగా ఉండేవి. ఇన్నేళ్లూ గోడను చూశాయి. ఇప్పుడు చేపను చూస్తున్నాయి.

చేప కూడా చూస్తోంది. ఒక కన్ను చాట మీద, ఇంకో కన్ను వాకిలి మీద. కళ్లపైన కొమ్ముల్లా రెండు చిన్న కుచ్చులు. కత్తెర ఆగితే రాతిలోని బొరియలోంచి తల ఇంకాస్త బయటికి పెడుతుంది. కత్తెర నడిస్తే కదలకుండా వింటుంది. ఎవరైనా లోపలికి వస్తే తోక ముందు పెట్టి బొరియలోకి జారిపోతుంది. సరోజన లేచినా, కూర్చున్నా జారదు. ఈ ఇంట్లో తనకు భయపడని ప్రాణి, తన కోసం తల బయటపెట్టే ప్రాణి ఉండి ఎన్నాళ్లయిందో.

"ఏం జూస్తున్నవురా బుడ్డోడా?" అంది. "నీకు గూడ నేర్పాల్నా?"

తర్వాత మాటలు ఆగలేదు. దివాకర్ చిన్నప్పుడు బీడీ దారం ఉండను బంతి చేసుకుని ఆడితే కొట్టిన సంగతి చెప్పింది. తమ్ముడు దోహ నుంచి ఫోన్ చేసి తొట్లో చేపలు చూపిస్తానంటే, బీడీలు అప్పజెప్పాలి పెట్టెయ్యరా అన్న సంగతి కూడా చెప్పింది. చేప రాతిని ఒకసారి కొరికి మళ్లీ ఆమెను చూసింది.

దినాలకు పిలవడానికి వస్తున్నామని శ్రీలత ఫోన్ చేసిన రోజు సరోజన తొట్టిని పరాయి కళ్లతో చూసింది. అద్దానికి లోపల పచ్చగా పాకురు పట్టింది. రాళ్ల మీద కూడా. గంతమంది ముందు మాటిచ్చి తెచ్చుకున్నది, పాకురు పట్టించి పెట్టిందంటారు. చాట పక్కన పెట్టింది. చీర చెంగుకు చేతులు తుడుచుకుంది. కొత్త కొబ్బరి పీచు తీసుకుని ముక్కాలిపీట ఎక్కి, మోచేయి దాకా చెయ్యి నీళ్లలో పెట్టి, స్టీలు గిన్నెలు తోమినట్టు తోమింది. అద్దం తోమింది. అందినంత మేర రాళ్లు తోమింది. నీళ్లు చల్లగా, బరువుగా ఉన్నాయి. చేప బొరియలో అటు చివరికి పోయి దాక్కుంది.

"మెరుస్తున్నది వదినె!" అంది శ్రీలత వచ్చి.

మహిపాల్ కూడా ఒకసారి వంగి చూశాడు. "మంచిగ వెట్టినవే అక్కా," అన్నాడు. సరోజన చాయ్ పోసింది. వాళ్లు పోయేదాకా ఆమె ముఖంలో వెలుగు పోలేదు.

---

చేప బయటికి రాలేదు.

ముందు ఆమెకు అలకనిపించింది. వచ్చినవాళ్లను చూసి బెదిరిందనుకుంది. మర్నాడు చూస్తే తల బొరియ అంచున ఉంది. కానీ ఆ తల ఆమెను చూడడం లేదు. నోరు గబగబా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఒంటిమీది మచ్చలు వెలిసిపోయాయి. రాతి మీది పువ్వులు పిడికిలి బిగించినట్టు ముడుచుకున్నాయి. ఒక నత్త వెల్లకిలా పడి ఉంది.

పక్కింటి హేమలత పాలుతాగే పిల్లను చంకనేసుకుని వచ్చి చూసింది. "దిష్టి తాకింది పెద్దమ్మా. గంతమంది గట్ల వంగి వంగి జూసిరి."

ఇద్దరూ ఉప్పు, మిరపకాయలు తొట్టి చుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటుకు ఇద్దరూ దగ్గారు. పిల్ల ఏడ్చింది. చేప నోరు అలాగే కొట్టుకుంది.

సరోజన సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని పొద్దున బస్సుకే జగిత్యాల వెళ్లింది. రమణ అప్పుడే షట్టరు లేపుతున్నాడు. సీసా తీసుకుని ఏవో చుక్కలు వేశాడు. గాజుగొట్టం వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఉప్పు మంచిగనే ఉన్నది. నీళ్లల్ల నాకేం తప్పు గనవడ్తలేదు."

సీసా తిరిగి ఇవ్వబోతూ ఆగాడు. ఆమె చెయ్యి చాచి ఉంది. బొటనవేలు, చూపుడువేలు కొసల్లో గోధుమరంగు ఇంకిపోయి, గోళ్ల చుట్టూ నల్లగా గీతలు.

"బీడీలు చేస్తవా అక్కా?"

"కోరుట్లల మా ఇండ్లల్ల చెయ్యనిదెవ్వలు?"

"గీ చెయ్యి నీళ్లల్ల వెట్టినవా?"

"అద్దం తోమిన. పాకురు వట్టింది గద."

రమణ సీసాను బల్ల మీద పెట్టాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చేపల తొట్ల వైపు ఒకసారి చూశాడు.

"తంబాకు చాపకు విషం అక్కా. బ్లెన్నీకి పొలుసు గూడ ఉండదు, ఉత్త తోలే. నీళ్లల్ల ఏది కలిస్తే అది దాని ఒంట్లకు వోతది. మల్ల నువ్వు తోమిన పాకురే దాని తిండి."

రెండు తప్పులూ ఒక్క చేత్తోనే చేసింది. ప్రేమతో చేసింది, పరువు కోసం చేసింది. చేపకు ఏదైతేనేం.

"కడుక్కున్న," అంది. వెంటనే సరిదిద్దుకుంది. "లేదు. తుడుసుకున్న."

"నల్ల బొగ్గు ఇస్త. ఫిల్టర్ల వెట్టు, ఇసం గుంజుతది. సగం నీళ్లు మార్చు. చేతులకు గ్లోజులు ఏసుకో. తొట్టి ఉన్న అర్రల తంబాకు ముచ్చటే వద్దు, దుమ్ము గూడ పడొద్దు."

సరోజన తన చేతిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంది. "గీ చేతితోనే బువ్వ తింటున్నం గదరా తమ్మీ."

రమణ బొగ్గు పొట్లం కడుతూ తలెత్తలేదు. "దానికి నేనేం జెప్పుదు అక్కా." తర్వాత, పొట్లం ఆమె చేతిలో పెడుతూ అన్నాడు. "ఇప్పుడన్న నాకియ్యి. ఈడుంటే బతుకుతదేమో."

బతుకుతుందేమో. ఆ మాట ఆమెను నిలబెట్టేసింది. ఇచ్చెయ్యడమే మంచిదేమో. కానీ తను అక్కడ ఇసుకలో నిలబడి ఎవరికో ఇస్తానని అనలేదు. సాదుకుంటానంది. ఇప్పుడు చస్తే తన చేతుల్లో చస్తుంది, తన చేతుల వల్లే చస్తుంది. చచ్చినవాడికి చెప్పిన అబద్ధాన్ని ఎవరి దగ్గర దిద్దుకోవాలి?

"వద్దు," అంది. "నేను పాడు జేసిన. నేనే జూస్కుంట."

---

గ్లోజులు తొడుక్కుని నీళ్లు మార్చింది. బొగ్గు పెట్టింది. చాట, గోనె, తంబాకు డబ్బా అన్నీ వసారాలోకి మార్చింది. గది రెండుసార్లు తడిగుడ్డతో తుడిచింది. గుడ్డ పిండితే నీళ్లు చాయ్ రంగులో కారాయి. ఏళ్ల తరబడి తను పీల్చిన గది అది.

వసారాలో ఫ్యాను లేదు. రేకుల వేడికి ఆకు ఎండి, చుట్టబోతే చిట్లింది. తడిపితే బరువెక్కి చేతికి అంటింది. ఆమె మాటిమాటికీ లేచి, కాళ్లు కడుక్కుని, గడప దగ్గర నిలబడి తొట్టిలోకి చూసింది. నోరు కొట్టుకోవడం తగ్గింది. అయినా తినడం లేదు. తినడానికి అద్దం మీద ఏముంది కనుక? పొట్ట లోపలికి పోయింది. వేలెడంత చేప, దానికి పక్కటెముకలు కనిపిస్తాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అన్నం ముందు కూర్చుంది. పప్పు కలపబోయిన చెయ్యి కంచం మీద ఆగిపోయింది. లేచి గరిటె తెచ్చుకుని గరిటెతో తింది. గరిటె మూతికి తగిలి పప్పు చెంగు మీద పడింది. తనను తాను చూసుకుని నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో ఎవరికీ వినిపించలేదు, చేపకు తప్ప.

సాయంత్రం హేమలత తన చాట తెచ్చుకుని వసారాలో పక్కన కూర్చుంది. ఒళ్లో పిల్ల, పిల్ల మీదుగా చాట. పిల్ల ఏడిస్తే హేమలత చేస్తున్న బీడీ కింద పెట్టకుండానే చిటికెనవేలు దాని నోట్లో పెట్టింది. పిల్ల చీకుతూ ఊరుకుంది.

"తియ్యి!" సరోజన అరుపుకు హేమలత చేతిలో బీడీ విరిగింది. "నోట్లకెల్లి వేలు తియ్యవే!"

"ఏమైంది పెద్దమ్మా?"

సరోజన చెప్పింది. రమణ చెప్పిందంతా చెప్పింది. హేమలత వేలు చూసుకుంది. పిల్ల పెదాల మీద తడి చూసింది.

"గంటగంటకు కడుగుతే వేళ్లు జారుతయి, దారం వట్టదు," అంది చివరికి, ఎవరినో బతిమాలుతున్నట్టు. "మా అవ్వ గూడ గిట్లనే సాదింది నన్ను."

"నన్ను గూడ."

ఇద్దరూ మళ్లీ ఆకు అందుకున్నారు. అందుకోక ఏం చేస్తారు?

---

బీడీల కార్ఖానా అంటే ఒక షట్టరు గది. లోపల తంబాకు బస్తాలు, ఒక బల్ల, బల్ల వెనక ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు రాజనర్సు. బల్ల ముందు నేల మీద ఆడవాళ్లు. రాజనర్సు ఒక్కొక్కరి కట్ట విప్పి, బీడీలు వేళ్లతో నొక్కి, నచ్చనివి విరిచి పక్కనున్న డబ్బాలో వేస్తాడు. విరిచినవి లెక్కలోకి రావు. వాటి తంబాకు మాత్రం మళ్లీ బస్తాలోకి పోతుంది. ఎవరూ అడగరు. అడిగితే రేపు ఆకు తక్కువ తూగుతుంది.

సరోజన కట్ట విప్పి ముఖం చిట్లించాడు. "ఏందిది? ఎండల గూసుండి జేసినవా?"

"అవు."

"ఇంట్ల జాగ లేదా?"

"ఇంట్ల చాప ఉన్నది."

గది గొల్లుమని నవ్వింది. రాజనర్సు కూడా నవ్వుతూనే ఆమె బీడీలు టపటపా విరుస్తున్నాడు. సరోజన నవ్వు ఆగేదాకా ఆగింది.

"తంబాకు చేతులు నీళ్లల్ల వెడ్తే చాప సావుకొచ్చింది సేటూ. గీళ్లల్ల పాలిచ్చే తల్లులున్నరు. గీడ నీళ్ల నల్ల ఒకటి వెట్టియ్యి, సబ్బు వెట్టు. కడుక్కొని వోతం."

"చాప సావాల్నంటే తంబాకెందుకు, పులుసు వెట్టుకో!" మళ్లీ నవ్వు. ఆడవాళ్లూ నవ్వారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఎక్కువ నవ్వారు. "తంబాకు విషమైతే గిన్నేండ్ల సంది నువ్వెట్ల బతికినవే? నీకేం గాలె, చాపకైందా?"

దగ్గొచ్చింది, మింగింది. బల్ల మీద అతని మంచినీళ్ల గ్లాసు ఉంది, పెద్ద గాజు గ్లాసు, నిండుగా. సరోజన వంగి పక్కనున్న బస్తాలో వేళ్లు పెట్టి తీసింది. నడిచి వచ్చి ఆ వేళ్లు గ్లాసులో ముంచింది. ఒకసారి తిప్పింది. తీసి చెంగుకు తుడుచుకుంది.

నీళ్లు లేత పసుపుకు తిరిగాయి.

"తాగు," అంది.

నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. రాజనర్సు గ్లాసు చూశాడు. ఆమెను చూశాడు. గ్లాసును చేత్తో ముట్టుకోలేదు. బీడీ కట్ట అంచుతో బల్ల చివరికి నెట్టాడు.

"ఇసం గాదంటివి గద. తాగు సేటూ."

"ఇగ నీకు ఆకు లేదు," అన్నాడు. గొంతు పెంచలేదు. "నడువు."

ఆమె వెనక్కి చూసింది. ఎవరూ లేవలేదు. లేచేవాళ్లకు ఆకు ఉండదు. హేమలత తల దించుకుని పిల్ల నెత్తి మీది జుట్టు సవరిస్తోంది. సరోజన ఖాళీ చాట చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. బజారులో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెబుదామని ఉంది ఆమెకు.

---

కత్తెర చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. మోటరు గురగుర ఒక్కటే. చేతులు ఒళ్లో పెట్టుకుంటే వాటంతట అవే దొర్లించడం మొదలుపెట్టేవి. ఆపితే మళ్లీ మొదలు. పొద్దంతా గోడకానుకుని కూర్చుంది. కళ్లతో పాటు చేతులూ ఖాళీ అయ్యాయి.

కిటికీ వైపు అద్దానికి సన్నగా పచ్చదనం తిరిగి వస్తోంది. అది కడుపు నింపేంత కాలేదు. ఫోన్ చేస్తే, పాలకూర ఉడికించి చల్లార్చి పెట్టమన్నాడు రమణ. రాయికి దారంతో కట్టి వేసింది. నీళ్ల తోపుకు ఆకు ఎగిరెగిరి పడింది. చేప దాన్ని చూసి వెనక్కి జారింది. దానికి ఆ ఆకు కొత్త. నిలకడగా ఎవరైనా పట్టుకుంటే తింటుందేమో.

గ్లోజు చేత్తో పట్టుకుంది. తెల్లటి రబ్బరు చెయ్యి నీళ్లలో దిగేసరికి చేప బొరియ లోతుకు పోయింది. ఆమె ఆ చేతిని బయటికి తీసి, గ్లోజు విప్పి, తన వేళ్లు చూసుకుంది. కార్ఖానా నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ చింతపండుతో, బూడిదతో, సబ్బుతో రుద్దుతోంది. తోలు పగిలింది. గీతల్లో రంగు మాత్రం ఉంది. లోపల ఎంత ఉందో ఎవరికి తెలుసు?

ఒక గిన్నెలో తొట్టి నీళ్లు తీసింది. చేతిని అందులో ముంచి కూర్చుంది. మోకాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చుంది. చెయ్యి తీసి, గ్లోజు తొడిగిన రెండో చేత్తో తొట్టిలోంచి ఒక చిన్న నత్తను గిన్నెలో వేసింది. నత్త ముడుచుకుని పడి ఉంది. ఆమె దాని ముందు నుంచి లేవలేదు. చాలాసేపటికి నత్త పెంకు కదిలింది. మెత్తటి పాదం బయటపెట్టి గిన్నె అంచు పట్టుకుని పైకి పాకింది.

అప్పటికీ ఆమెకు ధైర్యం చాల్లేదు. ఆ రోజంతా ఆగింది. మర్నాడు కూడా నత్త తిరుగుతూనే ఉంది.

పొద్దున ఎండ గడప దాటక ముందే ఉడికిన పాలకూర ఆకు ఒకటి వేళ్ల కొసలతో పట్టుకుని, ముక్కాలిపీట ఎక్కి, ఒట్టి చేతిని నీళ్లలోకి దించింది. ఆకు కదలకుండా పట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. మోచేయి నొప్పి పుట్టింది. భుజం లాగింది. చేప తల కనిపించింది. తర్వాత ముందు రెక్కలు. ఒక గెంతు గెంతి రాతి మీద ఆగింది. ఒక కన్ను ఆకు మీద, ఇంకో కన్ను ఆమె మీద.

"పెద్దమ్మా!" హేమలత గడప దగ్గరికొచ్చింది. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది. "ఇన్నవా? సేటు గ్లాసుకు మూత తెచ్చుకున్నడు. స్టీలు మూత! మేము కట్టలు తీస్కొని దగ్గర్కి వోతె చాలు, మూత మీద చెయ్యి వెడ్తండు."

సరోజనకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదులుతుందని పెదాలు బిగబట్టింది. నల్ల రాలేదు. సబ్బు రాలేదు. గ్లాసుకు మూత వచ్చింది. వాడికి తెలుసన్న మాట.

"ఇంకొకటి," హేమలత గొంతు తగ్గించింది. "నిన్ను రమ్మంటున్నడు. మొత్తం ఆడోళ్ల ముంగట తప్పయిందని ఒక్క మాటంటే ఆకిస్తడంట. ఇప్పుడే రావాల్నంట, కూసున్నడు. రా పెద్దమ్మా. ఒక్క మాటనే గద."

చేప ఇంకో గెంతు గెంతింది. ఆమె వేళ్ల కింద రాతి మీదికి వచ్చింది. తల పైకెత్తింది. ఆకు అంచు పట్టుకుని లాగింది. ఎంత చిన్న లాగుడో అది, దారం ఉండలోంచి పోగు తెగినంత. ఆమె వేలి కొసలకు తెలిసింది. మళ్లీ లాగింది. ఒక ముక్క తెగింది. నోరు కదిలింది, మింగింది. మళ్లీ ఆకు కోసం పైకొచ్చింది. ఈసారి దాని కడుపు ఆమె బొటనవేలి మీద ఆనుకుంది, గోధుమరంగు ఇంకిన చోటే.

"పెద్దమ్మా, సేటుకు ఏం జెప్పాలె?"

సరోజన తల తిప్పలేదు.

"జర ఆగుమను," అంది మెల్లగా. "చెయ్యి నీళ్లల్ల ఉన్నదని చెప్పు."